ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ రికార్డింగ్: ఆంప్ ముందు మైకా, నేరుగా లాప్‌టాప్‌లోకా?

నల్లగొండలో ఉండి రాక్ కవర్ డెమో చేద్దామనుకునే బ్యాండ్‌కు స్టూడియో అంటే దాదాపు హైదరాబాదే. వంద కిలోమీటర్ల ప్రయాణం, పైన గంటల లెక్కన కిరాయి. ఏదో కెఫేలో వాయించే అవకాశం కోసం పంపే డెమోకు అంత ఖర్చు దండగ. ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆంప్ మోగించి దాని ముందు మైక్ పెట్టాలా, గిటార్ కేబుల్‌ను ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (గిటార్ సిగ్నల్‌ను లాప్‌టాప్‌కు అందించే డబ్బాలో) పెట్టి ఆంప్ పని ప్లగిన్‌కు, అంటే ఆంప్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌కు, అప్పజెప్పాలా అన్న దగ్గరే వాదన మొదలవుతుంది.

మైక్ పద్ధతికి పేరుంది. 1965లో వచ్చిన ష్యూర్ ఎస్ఎం57 మైక్ ఈ రోజుకీ గిటార్ ఆంప్ ముందు కనిపిస్తూనే ఉంటుంది. స్పీకర్ నడిమధ్య టోపీలాంటి ముక్కకు ఎదురుగా పెడితే పదునైన శబ్దం వస్తుంది, అంచు వైపు జరిపితే ముద్దగా మారుతుంది. వేలెడు దూరం జరిపినా తేడా తెలుస్తుంది. మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వాయిస్తుంటే తమ్ముడో చెల్లెలో మైక్ కొద్దికొద్దిగా జరపాలి. సరైన చోటు దొరికిందంటే ఆ తర్వాత ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టే పని సగం తప్పుతుంది.

కానీ మన దగ్గర ఉండేది చాలావరకు ఆరో ఎనిమిదో అంగుళాల స్పీకరున్న ప్రాక్టీస్ ఆంప్. దాన్ని ఎంత బాగా మైక్ చేసినా డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది. పన్నెండు అంగుళాల స్పీకరున్న వాల్వ్ ఆంప్ దొరికినా అది సరిగా పలకాలంటే వాల్యూమ్ లేపాలి. లేపితే గోడ అవతలి నుంచి పెద్దమ్మ "ఏం సప్పుడురా బిడ్డా, జెర తగ్గియ్యి" అనక మానదు. మైక్ ఆన్‌లో ఉన్నంతసేపు ఫ్యాన్ ఆపాలి. మే నెలలో నల్లగొండలో స్లాబు కింద ఫ్యాన్ లేకుండా సోలో వాయించడం ఎంత కష్టమో వాయించినవాళ్లకే తెలుసు. పక్కింటి బోరు మోటారు ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు. గది మోత తగ్గించడానికి ఆంప్ వెనకాల, పక్కల బొంతలు కట్టుకోవచ్చు, కొంత పనిచేస్తుంది.

ఇంటర్‌ఫేస్ పద్ధతిలో అసలు లాభం వేరే ఉంది. ప్లగిన్‌తో మీకు డిస్టార్షన్ వినపడుతున్నా, లాప్‌టాప్‌లో నిలిచేది గిటార్ ఒట్టి సిగ్నల్. వారం తర్వాత గెయిన్, అంటే డిస్టార్షన్ మోతాదు, ఎక్కువైందనిపిస్తే తగ్గించుకోవచ్చు, ఆంప్ మొత్తం మార్చేయవచ్చు, మళ్లీ వాయించే పని లేదు. హైదరాబాద్‌లో మంచి ఆంప్ ఉన్న దోస్తుకు ఆ ఫైల్ పంపితే, రీఆంప్ బాక్స్ (రికార్డైన సిగ్నల్‌ను ఆంప్‌కు సరిపడేలా మార్చే డబ్బా) ద్వారా తన ఆంప్‌లోకి పంపి మైక్ చేసి తిరిగిస్తాడు. మైక్ పెట్టి పట్టిన శబ్దంలో ఈ వెసులుబాటు లేదు. నా ఓటు ఇటే పడటానికి ఇదే కారణం.

ఖర్చు కూడా పెద్దగా పెరగదు. ఇంటర్‌ఫేస్ కొన్నాక న్యూరల్ ఆంప్ మోడలర్ లాంటి ప్లగిన్ ఉచితం. అయితే ఆంప్ ప్లగిన్ ఒక్కటే పెట్టి, స్పీకర్ క్యాబినెట్ పని చేసే ఐఆర్ ఫైల్ వేయకపోతే కందిరీగల గుంపులా గీపెడుతుంది. 'ప్లగిన్ సౌండ్ బాగోదు' అని తిట్టేవాళ్లలో చాలామంది ఈ ఫైల్ మార్చి చూడరు. ఆంప్ కంటే దీన్ని మార్చితేనే తేడా ఎక్కువ. ఇంటర్‌ఫేస్ మీద 'ఇన్‌స్ట్' (ఇన్‌స్ట్రుమెంట్) బటన్ నొక్కడం మరిచిపోవద్దు, అది లేకపోతే గిటార్ చప్పగా పలుకుతుంది. లెవెల్ గట్టిగా కొట్టినప్పుడు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు.

ఈ పద్ధతికి ఉన్న జబ్బు హమ్, అంటే వెనకాల ఆగకుండా వచ్చే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, ఎర్తింగ్ చాలా ఇళ్లలో అంతంతమాత్రం. గిటార్‌లో తీగల కదలికను పట్టే పికప్ సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్నది) అయితే హై గెయిన్‌లో గుయ్ మంటూనే ఉంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ దాన్ని పెంచుతుంది. ఫ్యాన్ ఫుల్‌లో తిప్పండి, లేదా ఆపండి. లాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. కుర్చీ కొద్దికొద్దిగా తిప్పుతూ హమ్ తగ్గే దిక్కు పట్టుకోండి. హంబకర్ (రెండు చుట్టల పికప్) ఉంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

లేటెన్సీ (తీగ మీటాక శబ్దం చెవికి చేరేలోపు ఆలస్యం) గురించి అనవసరంగా టెన్షన్ పడతారు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ (లాప్‌టాప్ ఒక్కోసారి పోగేసుకునే శబ్దం ముక్క) 128 శాంపిల్స్ పెడితే అది 2.7 మిల్లీసెకన్లే. రానూపోనూ అంతా కలిసి పది అయినా, మూడు మీటర్ల దూరంలో ఆంప్ పెట్టుకొని వాయించినట్టే. 1024 పెడితే మాత్రం రిఫ్ చేతికి దొరకదు.

యూఎస్‌బీ ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ ఇప్పటికే చేతిలో ఉంటే వేరే ఇంటర్‌ఫేస్ ఎందుకు? బాస్ జీటీ-1 లాంటివి పెన్ సెల్స్ మీద కూడా నడుస్తాయి, కరెంటు పోయినా రికార్డింగ్ ఆగదు. ఒట్టి సిగ్నల్ విడిగా ఇవ్వని పెడల్ అయితే మాత్రం టోన్ ముందే ఖాయం చేసుకొని కూర్చోవాలి.

ఏ దారిలో పోయినా రిథమ్‌ను రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పూర్తిగా తిప్పండి. ఒకే టేక్‌ను కాపీ చేసి రెండు పక్కలా పెడితే వెడల్పు రాదు, శబ్దం మాత్రమే పెరుగుతుంది. గెయిన్ మీరు అనుకున్న దానికంటే కొంచెం తక్కువే ఉంచండి, రెండు ట్రాకులు కలిసేసరికి అదే నిండుతుంది.

మైక్‌ను పూర్తిగా పక్కన పెట్టమని కాదు. ఆంప్‌కు ఎదురుగా నిలబడితే స్పీకర్ గాలికి తీగ తనంతట తానే మోగుతూ ఫీడ్‌బ్యాక్‌గా మారే పొడవాటి సోలో నోట్ హెడ్‌ఫోన్స్‌లో రాదు. కవర్ చేస్తున్న పాటలో అది ఉంటే ఆ ఒక్క ముక్కకు ఆంప్ అరువు తెచ్చుకోండి. మధ్యాహ్నం చుట్టుపక్కల వాళ్లు పనులకు పోయాక, పెద్దమ్మకు ముందే ఒక మాట చెప్పి, ఆ పది సెకన్లు మైక్‌తో పట్టుకోండి.