పాథాలజీ పీజీ: ప్రభుత్వ కళాశాలా, ప్రైవేటు కళాశాలా, డీఎన్‌బీయా?

పాథాలజీ (కణజాలం, రక్తం పరీక్షించి రోగాన్ని నిర్ధారించే విభాగం) సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టుకునే నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు వైద్యుడికి మూడు దారులు కనబడతాయి: ప్రభుత్వ వైద్య కళాశాల, ప్రైవేటు వైద్య కళాశాల, చెన్నై వంటి నగరంలోని కార్పొరేట్ ఆసుపత్రిలో డీఎన్‌బీ (జాతీయ పరీక్షల మండలి ఇచ్చే పీజీ పట్టా). ఎంబీబీఎస్ తరువాత మూడింటికీ కాలం మూడేళ్లే. గుర్తింపులోనూ కళాశాలల్లో చేసే ఎండీకి డీఎన్‌బీ తీసిపోదు. ఫీజు, ఊరి దూరం ఎవరి లెక్క వారిది. వాటిని పక్కన పెడితే, ఎక్కడ చదివినవారు నాలుగో ఏట రిపోర్టు మీద ధైర్యంగా సంతకం చేయగలరన్నదే తేలవలసిన విషయం.

ప్రభుత్వ కళాశాల బలం గ్రాసింగ్ బల్ల (శస్త్రచికిత్సలో తీసిన భాగాన్ని కోసి పరిశీలించే చోటు) దగ్గర ఉంది. థైరాయిడ్, గర్భసంచి, అపెండిక్స్, పొగాకు వాడకం ఎక్కువైన చోట నోటి క్యాన్సర్లు, వీటన్నిటినీ పీజీ విద్యార్థి తన చేతులతోనే కోసి చూస్తాడు. రొమ్ము క్యాన్సర్‌కు తీసిన ముక్క అంచులకు ఇంకు పూయడం, గడ్డను కొలవడం, చంక కొవ్వులో దాగిన లింఫు గ్రంథులను వేళ్లతో తడిమి ఒక్కొక్కటిగా వెతికి తీయడం పుస్తకం చదివితే వచ్చే పనులు కావు. అక్కడ ఒక గ్రంథి తప్పిపోతే రోగి స్టేజీయే మారిపోవచ్చు. ఫార్మలిన్‌లో ఆలస్యంగా వేసిన ముక్క స్లైడు మీద ఎలా పాడవుతుందో తెలిసేదీ అక్కడే. ఈఆర్, పీఆర్ (గడ్డలోని హార్మోన్ గ్రాహకాల) పరీక్షలకు పనికిరావాలంటే రొమ్ము కణజాలం కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు ఫార్మలిన్‌లో ఉండాలన్న నియమం, చెడిపోయిన ముక్కను చూసినవాడికి ఇక జన్మలో మరుపు రాదు. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీని (యాంటీబాడీలతో కణజాలంలోని ప్రొటీన్లను గుర్తించే పరీక్షను, క్లుప్తంగా ఇమ్యునో) బయటి ల్యాబుకు పంపే విభాగాలలో మాత్రం ఒక లోటు ఉంటుంది: ఫలితం కాగితం మీద వస్తుంది, స్లైడు రాదు. హెర్2 (రొమ్ము క్యాన్సర్ కణాల మీది ఒక ప్రొటీన్) రెండు ప్లస్‌గా, అంటే ఎటూ తేలకుండా వస్తే ఫిష్ అనే జన్యు పరీక్ష ఎందుకు అడగాలో కంటితో చూసి నేర్చుకునే వీలు అక్కడ తక్కువ.

ప్రైవేటు కళాశాలలో క్రయోస్టాట్ (గడ్డకట్టించిన కణజాలాన్ని పలచగా కోసే యంత్రం), ఆటోమేటెడ్ స్టెయినర్ (స్లైడుకు రంగు వేసే యంత్రం), ఇమ్యునో పరికరాలు ఒకే కప్పు కింద దొరికే అవకాశం ఎక్కువ. అయితే విభాగపు చదువు ఆ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్ మీద ఆధారపడుతుంది. శస్త్రచికిత్సలు పలచగా ఉంటే పరికరం ఉండీ ఫలం లేదు. అక్కడ అడగవలసిన మరో మాట, సెల్ కౌంటర్ (రక్తకణాలు లెక్కించే యంత్రం) అనుమానమని ఫ్లాగ్ చూపిన రక్తపు స్మియర్‌ను (స్లైడు మీద పరచిన రక్తపు పొరను) పీజీ స్వయంగా చూస్తున్నాడా, లేక యంత్రం అంకెలే రిపోర్టుగా వెళ్లిపోతున్నాయా అన్నది.

కార్పొరేట్ డీఎన్‌బీలో మార్పిడి చేసిన అవయవాల బయాప్సీలు, ఇమ్యునోఫ్లోరసెన్స్‌తో (మెరిసే రంగు అంటించిన యాంటీబాడీలతో) చూసే కిడ్నీ బయాప్సీలు, ట్యూమర్ బోర్డు (వివిధ విభాగాల వైద్యులు కలిసి క్యాన్సర్ కేసులు చూసే సమావేశం) చర్చలు ఉంటే అది గొప్ప సంపదే. సర్జన్ థియేటర్‌లో ఎదురుచూస్తుండగా ఇరవై నిమిషాలలోపు ఫ్రోజెన్ సెక్షన్‌కు (గడ్డకట్టించి అప్పటికప్పుడు చూసే ముక్కకు) జవాబు చెప్పే నిబ్బరమూ అలాంటి చోటే అలవడుతుంది. కానీ రిపోర్టు వేళకు బయటపడాలన్న ఒత్తిడిలో కన్సల్టెంటే స్లైడు చూసి, తానే రాసేసే విభాగాలూ ఉన్నాయి. పీజీ పక్కన కూర్చుని తల ఊపడమే మిగులుతుంది.

నా దృష్టిలో తూకం వేయవలసింది ఇక్కడే. రిపోర్టు మొదట ఎవరు రాస్తున్నారు? ప్రొఫెసర్ చూడకముందే పీజీ తన నిర్ధారణను రాతలో పెట్టి, ఆ తరువాత మల్టీహెడ్ మైక్రోస్కోపు (ఒకే స్లైడును పలువురు ఒకేసారి చూసేది) ముందు కూర్చుని ఎక్కడ పొరబడ్డాడో వివరంగా దిద్దించుకునే విభాగం, పరికరాలు కొంత తక్కువైనా మేలు. ఈ సంగతి ప్రిన్సిపాల్ చెప్పడు; రెండో సంవత్సరం పీజీని పట్టుకుని అడగాలి. థీసిస్ అంశం ఆ ఆసుపత్రికి నిజంగా వచ్చే కేసుల నుంచి ఎంచుకుంటున్నారో లేదో కూడా అతనికే తెలుస్తుంది.

చదువు ముగించి కావలిలోనో, కందుకూరులోనో, మార్కాపురంలోనో ఒంటరిగా ల్యాబు నడపదలచినవారికి నేను ప్రభుత్వ కళాశాలనే సూచిస్తాను. ఎఫ్ఎన్ఏసీ (గడ్డలోంచి సన్నని సూదితో కణాలు తీసే పరీక్ష) సూది పట్టడం, స్మియర్ చదవడం, బ్లడ్ బ్యాంకు నడపడం వారికి రోజూ అవసరపడతాయి. 2023 పీజీ నిబంధనల ప్రకారం జిల్లా ఆసుపత్రిలో గడపవలసిన మూడు నెలలు కూడా వారికి అక్కరకొస్తాయి. ఇమ్యునో లోటును క్యాన్సర్ ఆసుపత్రిలో బయటి పోస్టింగు అడిగి కొంత పూడ్చుకోవచ్చు. ఆంకోపాథాలజీనే (క్యాన్సర్ పాథాలజీనే) వృత్తిగా ఎంచుకున్నవారి సంగతి వేరు: పీజీ చేతికి కలం ఇచ్చే కార్పొరేట్ విభాగం దొరికితే వారు చెన్నై వెళ్లడమే సబబు, దొరకకపోతే ఇక్కడే ఎండీ చేసి, తరువాత ఫెలోషిప్‌కు వెళ్లవచ్చు.