మూడో పట్టీ మీద నడుస్తున్న స్మార్ట్‌వాచ్

కొన్న వారానికే రాసే రివ్యూల్లో అన్ని వాచీలూ బాగానే ఉంటాయి. నాది 2022 దసరా ఆఫర్లలో, ఫుట్‌బాల్ వరల్డ్ కప్ చేతికి కట్టుకుని చూద్దామని రెండు వేల లోపు కొన్నది. ఇప్పుడు మూడో పట్టీ మీద నడుస్తోంది. గాజు మీద గీతలు పడ్డాయి, పక్క బటన్ గట్టిగా నొక్కితే గానీ పలకదు. కాబట్టి ఇక ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. కంపెనీ పేరు అడక్కండి. ఈ ధరలో ఏ డబ్బా విప్పినా లోపల సరుకు ఇంచుమించు ఒకటే.

ముందు పట్టీల సంగతి. విశాఖలో ఏప్రిల్ దాటిందంటే ఫ్యాను కిందే చెమట కారుతుంది, ఇక రబ్బరు పట్టీ కింద చర్మం ఏమవుతుందో చెప్పాలా? ఎర్రగా దద్దు, దురద. డబ్బాలో వచ్చిన పట్టీ ఒక్క ఎండాకాలానికే జిగురు పట్టింది, రెండోది పిన్ను దగ్గర తెగింది. ఇప్పుడున్నది జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్న నైలాన్ గుడ్డ పట్టీ. రాత్రి ఉతికి ఆరేస్తే పొద్దున్నకి రెడీ. నా లెక్కలో వాచీ కన్నా ఈ పట్టీకే ఎక్కువ మార్కులు. ఇంకో మాట, నీళ్లని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు డబ్బా మీద ఉంది కదా అని రుషికొండ బీచ్‌లో మునగకండి. ఆ పరీక్ష మంచినీళ్లతో చేసేది. ఉప్పునీళ్లకి వాచీ వెనక ఛార్జింగ్ చుక్కల మీద పచ్చగా చిలుము పడుతుంది. నేనైతే నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో తోముతున్నాను.

ఇక అడుగులు. ఈ వాచీకి నా కాళ్లతో సంబంధం లేదు. అది చూసేది చెయ్యి ఊపుడే. లోపలున్న చిన్న సెన్సార్ చెయ్యి ఒక లయలో కదిలితే అడుగు అనుకుంటుంది. అందుకే కొత్త ఆవకాయ కలిపిన రోజున బేసిన్‌లో అన్నం కలుపుతుంటే అడుగులు టకటకా పెరిగాయి. గోతుల రోడ్డు మీద ఆటోలో కూర్చుని కూడా బోలెడు నడిచాను. అదే కైలాసగిరి మెట్లు కమ్మీ పట్టుకుని ఆయాసపడుతూ ఎక్కితే, చెయ్యి కదల్లేదు కాబట్టి సగం మెట్లు దాని లెక్కలోకే రాలేదు.

అసలు తమాషా సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు. ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడక. కొండ కింద తొలి మెట్టు, అదే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. ఇంకా దారిలో హనుమంతవాక దాటామో లేదో, చెయ్యి జుమ్మంది. స్క్రీన్ మీద బాణసంచా, ‘అభినందనలు! ఈ రోజు లక్ష్యం పూర్తి!’ అని. పది వేల అడుగులు అయిపోయాయట. ఆ పది వేలు డాక్టర్లు తేల్చిన లెక్క కూడా కాదు, 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముకోవడానికి వాడిన అంకె. ఫుట్‌బాల్‌లో బాగా పరిగెత్తే మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. ఆ లెక్కన మా పెద్దమ్మ ఆ రాత్రి చెప్పుల్లేకుండా దాదాపు మూడు మ్యాచ్‌లు ఆడింది, అదీ సబ్‌స్టిట్యూట్ లేకుండా. మాధవధార దగ్గరికొచ్చేసరికి నా వాచీ ఛార్జ్ అయిపోయి పడుకుంది, ఆవిడ మాత్రం నడుస్తూనే ఉంది.

గుండె కొట్టుకోవడం కొలిచే పని మాత్రం ఫర్వాలేదు. వెనక ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం పారే తీరుని చూసి లెక్క కడుతుంది. పట్టీ వదులైతే చెత్త అంకెలు వస్తాయి, బిగిస్తే నమ్మొచ్చు. దానికి పరీక్ష 2022 డిసెంబర్ 18 రాత్రి, వరల్డ్ కప్ ఫైనల్లో జరిగింది. ఫ్రాన్స్ మీద అర్జెంటీనా 2-0తో హాయిగా ఉందనుకుంటుంటే, ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే రెండు నిమిషాలు తిరక్కుండా రెండు గోల్స్ కొట్టాడు. నేను సోఫాలోంచి కదల్లేదు. వాచీ మాత్రం ‘వ్యాయామం మొదలుపెట్టినట్టున్నారు, రికార్డు చెయ్యమంటారా?’ అని అడిగింది. టెన్షన్ అని దానికెలా చెప్పను? వద్దన్నాను. పెనాల్టీ షూటౌట్‌కి వచ్చేసరికి మాట మార్చింది, ‘చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, లేచి అటూ ఇటూ నడవండి’ అంది. అర్జెంటీనా మోంటియెల్ ఆఖరి పెనాల్టీకి పరుగు తీస్తున్నాడప్పుడు.

అదే రిఫరీ వాచీ చూడండి. బంతి గీత దాటిందంటే సెకను తిరక్కుండా అది అదురుతుంది, గోల్ అని చూపిస్తుంది. 2014 వరల్డ్ కప్ నుంచీ ఉన్న ఏర్పాటే. దానికి ఒకటే పని, ఆ పని చేస్తుంది. నా దానికి సవా లక్ష పనులు. ఖతార్‌లో జరిగిన ఆ 2022 వరల్డ్ కప్‌లో బంతి లోపల కూడా సెన్సార్ పెట్టారు, సెకనుకి 500 సార్లు సమాచారం పంపేది. మ్యాచ్‌కి ముందు ఆ బంతుల్ని వరసగా పెట్టి ఛార్జింగ్ పెట్టిన ఫోటోలు చూశాక, ప్లగ్ పాయింట్ కోసం వెతుక్కునేది నేనొక్కణ్ణే కాదని కాస్త ఊరట కలిగింది.

ప్రయాణాల్లో ఎలా ఉంటుందంటే, అరకు రైలు సంగతి చెప్తాను. నవంబర్ 22న అర్జెంటీనా, సౌదీ మ్యాచ్ మన టైము ప్రకారం మధ్యాహ్నం మూడున్నరకి. అదే రోజు అరకు నుంచి తిరుగు ప్రయాణం. ఆ దారిలో యాభై పైచిలుకు సొరంగాలు. ఫోన్‌లో వీడియో మాట దేవుడెరుగు, స్కోరు చెప్పే యాప్‌ని వాచీకి కలిపి కూర్చున్నాను. మెస్సీ పెనాల్టీ వచ్చింది, 1-0. తర్వాత కొట్టిన గోల్ ఆఫ్‌సైడ్ అని, అంటే డిఫెండర్లని దాటి ముందే నిలబడ్డారని, రద్దు. ఇంకో ఆఫ్‌సైడ్, మరో ఆఫ్‌సైడ్. స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లని గమనిస్తుంటే భుజం ముందుకెళ్లినా దొరికిపోతారు మరి. తర్వాత సొరంగాలు మొదలయ్యాయి, సిగ్నల్ పోయింది. మళ్లీ వెలుగులోకొచ్చి, లోయ కనబడి, పల్లీలమ్మే కుర్రాడు మా సీటు దాటాక చెయ్యి వెంటవెంటనే రెండుసార్లు అదిరింది. కొత్త కబురు పైన, పాతది కింద. ముందు 1-2 చదివాను, తర్వాత 1-1.

పక్కనున్న మా బావ తొంగి చూసి, “ఏట్రా, నీ వాచీకి కొండగాలి సోకినట్టుంది. సౌదీ మీద మెస్సీ ఓడిపోడమేటి?” అన్నాడు.

“ఆగు బావా, ఇంకో సొరంగం దాటనీ” అన్నాను. దాటాం. ఇంకా చాలా దాటాం. అంకె మారలేదు. వాచీ చెప్పిందే నిజమైంది. దాని మాట బావ నమ్మింది ఆ ఒక్క రోజే.

రోజువారీ వాడకంలో ఇది నిజంగా అక్కరకొచ్చేది 28కే బస్సులో. ఒక చెయ్యి కమ్మీ మీద, రెండో చేతిలో క్యారేజీ, జేబులో ఫోన్ మోగుతుంటే తీసే దారుండదు. మణికట్టు మీద పేరు చూస్తే చాలు, మాట్లాడాల్సిన మనిషో కాదో తెలిసిపోతుంది. మేసేజీలు కూడా వస్తాయి గానీ తెలుగులో పంపితే నా వాచీలో డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. అమ్మ పంపే మేసేజీలన్నీ డబ్బాలే. బ్యాటరీ వారం అన్నారు, కొత్తలో ఐదు రోజులొచ్చింది, ఇప్పుడు రెండు రోజులకే ముక్కుతోంది. ఆక్సిజన్, ఒత్తిడి అంకెల జోలికి నేను పోను.

డబ్బా మీద ఎక్కడా గొప్పగా రాయని, నాకు బాగా నచ్చిన సంగతి అలారం. చప్పుడు చెయ్యదు, మణికట్టు మీద మెల్లగా తడుతుంది. యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బులాడే ఛాంపియన్స్ లీగ్ పెద్ద మ్యాచ్‌లు మనకి చలికాలంలో రాత్రి ఒంటిగంటన్నరకి మొదలవుతాయి. ఇంట్లో ఎవరికీ మెలకువ రాకుండా లేచి, హాల్లో ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని చూసి, మళ్లీ వచ్చి పడుకోవచ్చు. చాలాకాలం ఎవరికీ తెలియలేదు. కాకపోతే ఈ వాచీ నిద్ర కూడా లెక్కపెడుతుందని, ఆ చార్టు ఫోన్‌లో వారం వారం గీసి పెడుతుందని మా ఆవిడ కనిపెట్టేసింది. ఒకరోజు టిఫిన్ దగ్గర ఫోన్ నా ముందు పెట్టి అడిగింది.

“మీకు మంగళవారం, బుధవారం మాత్రమే నిద్ర పట్టదేటండీ?”