తెల్ల చొక్కా మీద నల్ల దారప్పోగు: నేను చూపించుకున్న కంటి క్లినిక్ గురించి

మాది తెనాలి. 31 ఏళ్ళుగా టైలరింగ్. జూన్ వచ్చిందంటే స్కూల్ యూనిఫాంలు, రోజంతా తెల్ల చొక్కాలే. ఓ రోజు గుడ్డ మీద నల్ల దారప్పోగు కనిపించింది. దులిపితే పోలేదు. చూపు తిప్పితే అదీ వెంట వచ్చింది. షుగర్ ఉన్నవాణ్ణి, టెన్షన్ పట్టుకుంది. మొదట వెళ్ళినచోట రెండు నిమిషాల్లో చుక్కల మందు రాసి పంపేశారు. నెలయినా పోగు అక్కడే ఉంది.

తెలిసినవాళ్ళు చెబితే ఇంకో చిన్న క్లినిక్‌కి వెళ్ళాను. ఫీజు 400. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టారు. గడ్డం ఆనించే మెషిన్ దగ్గర లైటు అటూ ఇటూ కదుపుతుంటే, ఎండిన చెట్టు కొమ్మల్లాంటివి కళ్ళ ముందు పరుచుకున్నాయి. "అమ్మా, ఇదేంటి?" అన్నాను భయపడి.

డాక్టరమ్మ పరీక్ష ఆపి మరీ చెప్పింది. అవి నా రక్తనాళాల నీడలేనట. కంటి లోపల వెనకవైపు ఉండే పొర, అంటే రెటీనాలో వెలుగును పట్టే కణాలకు ముందు వైపునే ఆ నాళాలుంటాయి. నీడ ఎప్పుడూ ఒకేచోట పడుతుంది కాబట్టి కన్నూ మెదడూ కలిసి దాన్ని లెక్కలోంచి తీసేస్తాయి. లైటు కదిలితే నీడ కూడా జరిగి బయటపడుతుంది. 200 ఏళ్ళ కిందటే పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గమనించి రాశాడట. "మీ మెడలో టేపు ఉంది బాబాయ్ గారూ, ఇందాకట్నుంచీ తెలిసిందా?" అంది. కొట్లోంచి అలాగే వచ్చేశాను. నిజంగానే తెలియలేదు.

దారప్పోగు సంగతి వేరు. కంటి లోపలి జెల్లీలో వయసుతో ఏర్పడిన పోగు నీడ అది. కదులుతూ ఉంటుంది కాబట్టి మెదడు దాన్ని పక్కన పెట్టడానికి నెలలు పడుతుంది. రెటీనా బాగుంది, మందు అక్కర్లేదు, ఏటా ఒకసారి రండి అంది. ఒక్కసారిగా బోలెడు చుక్కలు, మెరుపులు వచ్చినా, పక్కనుంచి తెర పడినట్టున్నా అదే రోజు రమ్మంది. షుగర్ ఉన్నవాళ్ళందరూ ఈ పరీక్ష చేయించుకోండి.

ఒకటే లోటు. చుక్కలు వేశాక బండి నడపకూడదని ఫోన్‌లోనే చెప్పాల్సింది. మా అబ్బాయి వచ్చి తీసుకెళ్ళాడు. సాయంత్రం దాకా సూదిలో దారం ఎక్కించలేకపోయాను.

ఇది మూడో నెల. ఇప్పుడు వెతికితేనే పోగు కనిపిస్తోంది. మొన్న అట్టముక్కకి సూదితో బెజ్జం పెట్టి, సూర్యుడు లేని వైపు ఆకాశానికి ఎదురుగా కంటికి దగ్గరగా పట్టుకుని వణికించాను. సన్నటి కొమ్మలు మళ్ళీ వచ్చాయి. చెయ్యి ఆపాను. కాసేపటికే ఆకాశం ఖాళీ.