ఉపాధ్యాయ శిక్షణ ప్యాకేజీ కొనబోయే ప్రాథమిక పాఠశాలలకు జాగ్రత్త

మా ప్రాథమిక పాఠశాలలో చదవడం నేర్పే పద్ధతిని మార్చదలచి, ‘మార్పు నిర్వహణ, సిబ్బంది శిక్షణ’ పేరిట ఒక సంస్థ అమ్ముతున్న ఏడాది ప్యాకేజీని తీసుకున్నాము. ఇలాంటిదే కొనే ఆలోచనలో ఉన్న ప్రధానోపాధ్యాయులు, యాజమాన్యాలు సంతకం పెట్టే ముందు ఇది చదవగలరని మనవి.

తరగతి గదుల్లోకి వచ్చి పాఠాలు చూసి సలహాలిస్తామని చెప్పినవారు, ఒక్క వర్క్‌షాపు జరిపి, ఆపై ‘నిరంతర సహకారం’ కింద వీడియోలు చూసుకునే లాగిన్ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. విని, చూసి, సాధన చేసినా, తరగతిలో పక్కన నిలబడి సరిదిద్దే కోచింగ్ లేకపోతే కొత్త నైపుణ్యం రోజువారీ బోధనలోకి దిగడం అరుదని ఉపాధ్యాయ శిక్షణపై పరిశోధించిన బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలోనే చెప్పారు. అంటే మాకు అందనిది ప్యాకేజీలో అసలైన భాగమే.

వర్క్‌షాపులో ఒకటో తరగతి ఉపాధ్యాయురాలు, ‘నేను ఒక గుంపుతో చదివిస్తున్నంతసేపూ మిగతా పిల్లలు ఏం చేయాలి?’ అని అడిగారు. ముందు దృక్పథం మారాలని చెప్పి శిక్షకుడు తర్వాతి స్లైడుకు వెళ్లిపోయారు. పిల్లల్లో ఫలితం కంటపడ్డాకే ఉపాధ్యాయుల నమ్మకాలు మారతాయని 1986లో విద్యా పరిశోధకుడు థామస్ గస్కీ ప్రతిపాదించిన నమూనా దీనికి సరిగ్గా తలకిందులు. ఆ తర్వాతి స్లైడేమో, చదివితే 10 శాతం, ఇతరులకు బోధిస్తే 90 శాతం గుర్తుంటుందనే పిరమిడ్. దీనికి మూలమని చెప్పే, విద్యావేత్త ఎడ్గార్ డేల్ 1946లో గీసిన ‘అనుభవ శంకువు’ బొమ్మలో అసలు అంకెలే లేవు, ఆ శాతాలకు పరిశోధన ఆధారమూ లేదు. ఆ బొమ్మ కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయడం మేలని నా అభిప్రాయం.

కాబట్టి తరగతి సందర్శనలు ఎన్ని, వచ్చేది ఎవరు, పాఠం చూశాక ఉపాధ్యాయులతో ఎంతసేపు మాట్లాడతారు అన్నవి ఒప్పందంలోనే రాయించుకోండి. వాయిదాల చెల్లింపును ఆ సందర్శనలకే ముడిపెట్టండి. అలా మాట్లాడే సమయంలో ఉపాధ్యాయుల పీరియడ్లు ఎవరు తీసుకుంటారో మీరూ ముందే తేల్చుకోవాలి.

చివరి వాయిదా మేము ఆపివేశాము. వర్క్‌షాపు ముగిశాక, ఇళ్లకు బయలుదేరే హడావుడిలో మా ఉపాధ్యాయులు ‘శిక్షకుడు ఆసక్తికరంగా చెప్పారా?’ అన్న ప్రశ్నకు ‘అవును’ అని టిక్కు పెట్టిన ఫారాలను జతచేసి, సేవ పూర్తిగా అందిందని ఆ సంస్థ లేఖ పంపింది.