అనంతపురం జిల్లా పేజీలు: ధరలకు సరే, నీళ్ల వార్తలకు ఒక్క పత్రిక చాలదు

జిల్లాలో బాగా అమ్ముడయ్యే ఓ దినపత్రిక స్థానిక పేజీలపై ఈ సమీక్ష. కరెంటు కోత వేళలు, పరీక్ష తేదీలు, నోటిఫికేషన్లు బాగానే ఇస్తారు. కక్కలపల్లి మార్కెట్ టమాటా ధర వేస్తే గరిష్ఠం, కనిష్ఠం రెండూ వేస్తారు. రైతుకు కావలసింది అదే. పార్టీలకు సంబంధించిన వార్త దగ్గరికొచ్చేసరికే తక్కెడ ఒకవైపు ఒరుగుతుంది.

హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్ల సంగతే చూడండి. ఈ పత్రికలో ‘ఆయకట్టుకు ఊపిరి’ అని హెడ్డింగ్ పెడితే, పక్క పత్రికలో ‘చివరి భూములకు చుక్క లేదు’ అని ఉంటుంది. అదే రోజు, అదే కాలువ! ఆంధ్రా సరిహద్దు దగ్గర ఎన్ని క్యూసెక్కులు అందుతున్నాయి, తుంగభద్ర బోర్డుకు మనవాళ్లు పెట్టిన ఇండెంట్ (ఇన్ని నీళ్లు కావాలన్న కోరిక) ఎంత, ఏ డిస్ట్రిబ్యూటరీకి (పిల్ల కాలువకు) ఎప్పుడు వదులుతారు? ఈ మూడూ రెండింట్లోనూ కనపడవు. నాయకుడి ఫొటో మాత్రం మూడు కాలమ్‌లు. నాట్లు వేయాలా వద్దా అని తేల్చుకోలేక పేపరు తిప్పే రైతుకు ఇది అన్యాయం. నీళ్లు, పంటల బీమా, భూసేకరణ వార్తలకు రెండో పత్రిక కూడా చూసి తీరాలి.

తప్పంతా మండల విలేకరి మీద వేయకూడదు. చాలామందికి జీతం లేదు, లైన్ అకౌంట్ (అచ్చయిన వార్త లైన్ల లెక్కన ఇచ్చే) డబ్బులు పెట్రోలుకే చాలవు. పైగా ఉగాదికి, ఆగస్టు 15కి, పత్రిక వార్షికోత్సవానికి యాడ్ టార్గెట్లు. ఆ యాడ్ ఇచ్చేది కాంట్రాక్టరో, స్కూలు కరస్పాండెంటో. మరుసటి నెల వాళ్ల మీదే వార్త ఎలా రాస్తాడు? రాసినా డెస్క్ దాటదు.

ఎన్నికలప్పుడు పెయిడ్ న్యూస్‌ను, అంటే డబ్బు తీసుకుని వార్తలా వేసే ప్రచారాన్ని, గుర్తుపట్టొచ్చు. బైలైన్ (రాసినవాళ్ల పేరు) ఉండదు, ప్రత్యర్థి మాట ఒక్కటీ ఉండదు, అదే మ్యాటర్ పొల్లు పోకుండా ఇంకో పత్రికలోనూ వస్తుంది. దీనిపై పత్రికల తీరును చూసే ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదిక ఇచ్చినా, పత్రికల పేర్లున్న ఉపసంఘం నివేదిక మాత్రం సమాచార కమిషన్ ఆదేశించాకే, 2011లో బయటికొచ్చింది. అలాంటి వార్త కనిపిస్తే కటింగ్ మీద తేదీ, పేజీ నంబరు రాసి జిల్లా ఎంసీఎంసీకి (ఎన్నికల వేళ మీడియాను గమనించే కమిటీకి) ఇవ్వండి. నిజమని తేలితే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో పడుతుంది.

మామూలు రోజుల్లో తప్పుడు వార్త వస్తే ముందు ఎడిటర్‌కు ఉత్తరం రాయాలి. మొదటి పేజీలో చేసిన తప్పుకు లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేస్తే ఒప్పుకోవద్దు. సరైన జవాబు రాకపోతే, వార్త అచ్చయిన రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. కౌన్సిల్ మందలిస్తుంది, అభిశంసిస్తుంది, జరిమానా వేసే అధికారం మాత్రం దానికి లేదు. టీవీ చానళ్లు దాని పరిధిలో లేవు. ఫిర్యాదుకు కటింగ్, ఎడిటర్‌కు రాసిన ఉత్తరం నకలు, తెలుగు వార్తకు ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.