నగరం హద్దు ఎక్కడ? ఇళ్లను బట్టా, ఉద్యోగాలను బట్టా?

రెండు నగరాలు ఎదురెదురుగా పెరిగి కలిసిపోతే మధ్యలోని శివారు ఎవరిది? అమెరికాలో దీనికి రెండు కొలతలు వాడతారు.

మొదటిది అక్కడ జనాభా లెక్కలు తీసే సెన్సస్ బ్యూరో గీసే ‘అర్బన్ ఏరియా’. ఇళ్లు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి చిన్న చిన్న బ్లాకులను కలుపుకుంటూ పోతారు. ఖాళీ భూమి చాలావరకు బయటే ఉంటుంది.

రెండోది ‘మెట్రోపాలిటన్ ఏరియా’. ఇక్కడ కౌంటీని (మన జిల్లా లాంటిది) మొత్తంగా కలపాలి, లేదా మొత్తంగా వదిలేయాలి. మధ్యలో కనీసం 50,000 జనాభా ఉన్న పట్టణ ప్రాంతం ఉండాలి. పక్క కౌంటీలోని ఉద్యోగుల్లో కనీసం 25 శాతం మంది ఆ పట్టణ ప్రాంతం ఉన్న కేంద్ర కౌంటీలకు పనికి వెళ్తుంటే అదీ చేరుతుంది. లేదా ఆ పక్క కౌంటీలోని ఉద్యోగాల్లో కనీసం 25 శాతం కేంద్ర కౌంటీల నుంచి వచ్చేవాళ్లు చేస్తున్నా సరే. అందుకే టెక్సస్‌లోని డాలస్, ఫోర్ట్ వర్త్ నగరాలు ఒకే మెట్రోపాలిటన్ ఏరియా. వాషింగ్టన్, బాల్టిమోర్ మాత్రం వేర్వేరు.

నాకు రెండోదే నిజానికి దగ్గరగా అనిపిస్తుంది. మనిషి ఏ నగరం మీద ఆధారపడి బతుకుతున్నాడో రోజువారీ ప్రయాణమే చెబుతుంది. బస్సులు, రైళ్లు ప్లాన్ చేసేవాళ్లకు కావాల్సింది అదే. కానీ కౌంటీ లెక్కతో పెద్ద చిక్కుంది. కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో కౌంటీ దాదాపు 52,000 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం మొహావీ ఎడారి, అదంతా మెట్రోపాలిటన్ ఏరియా కిందే లెక్క! జనసాంద్రతలో రెండు నగరాలను పోల్చాలంటే మాత్రం మొదటి కొలతే వాడాలి.