రెండు ‘హన్’లు: దేశం పేరులోది, తాతయ్య పిలుపులోది
కొరియన్‌లో ‘హన్’ ఎక్కడ కనిపించినా కొరియా అనే అర్థం చేసేసుకుంటాం, కానీ రాతలో ఒకేలా ఉండే ఈ అక్షరం వెనక కనీసం రెండు వేరు మాటలున్నాయి. దేశం పేరు ‘హన్‌గుక్’లోది చైనా అక్షరంతో కూడా రాసేది, మహన్, జిన్‌హన్, బ్యొన్‌హన్ అనే పాత కూటముల పేర్లలోదే, 1897లో ‘తేహన్’ సామ్రాజ్యం పేరులోకి ఎక్కింది. అంతే.

రెండోది అచ్చ కొరియన్, నాకైతే ఇదే ఇష్టం. దీని పాత అర్థం ‘పెద్ద’. తాతయ్యని పిలిచే ‘హరబొజి’ ఈ ‘హన్’కి నాన్న అనే ‘అబొజి’ చేరి, పలుకుతూ పలుకుతూ అరిగి మిగిలిన మాట. కూర్పు చూస్తే అచ్చం మన పెదనాన్నే, మనిషి మాత్రం తాత! ‘హన్‌సుమ్’ అంటే నిట్టూర్పు, అంటే పెద్ద ఊపిరి.

మరి హంగుల్? 1446లో సెజోంగ్ రాజు ప్రకటించిన లిపికి 1910ల్లో వచ్చిన ఈ పేరుని ‘కొరియా లిపి’ అని కొందరు, ‘గొప్ప లిపి’ అని కొందరు రెండు వైపులా లాగుతారు, నేను ‘గొప్ప లిపి’ వైపే.